సంచి బరువూ రాసిపెట్టాలి: ఉపగ్రహాలు తూచిన భూమి లెక్కలు ఎలా తయారవుతాయి, ఎలా నిలుస్తాయి

భూమి మీద ఒక నెలలో బరువు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తరిగిందో చెప్పడానికి 1,891 వరుసల టెక్స్ట్ ఫైలు ఒకటి చాలు. ప్రతి వరుసలో రెండు చిన్న పూర్ణాంకాలు, రెండు దశాంశ సంఖ్యలు, వాటిలో ఎంత దోషం ఉండొచ్చో చెప్పే మరో రెండు సంఖ్యలు ఉంటాయి. చూడ్డానికి ఏ ఆకర్షణా లేని ఇలాంటి ఫైళ్లను నెల వెంట నెల పేర్చి చూస్తేనే, గ్రీన్‌లాండ్ 2002 తర్వాత ఏడాదికి సగటున సుమారు 270 గిగాటన్నుల మంచును పోగొట్టుకుంటోందని తేలింది. ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. ఆ మంచు కరిగిన నీరు ప్రపంచ సముద్రాలన్నిటి మట్టాన్నీ ఏటా దాదాపు ముప్పావు మిల్లీమీటరు పెంచుతుంది.

ఇంత పెద్ద సంగతి చెప్పే ఫైలును చాలామంది ఉపగ్రహం నేరుగా కొలిచి పంపిన కొలత అనుకుంటారు. అది కాదు. సంచితో సహా ధాన్యాన్ని తూచి, తర్వాత సంచి బరువు తీసేయడం అందరికీ తెలిసిన పనే. గురుత్వ ఉపగ్రహాల లెక్క కూడా అలాంటిదే. కాకపోతే ఇక్కడ ధాన్యం కంటే సంచే ఎన్నో రెట్లు బరువు. పైగా ఆ సంచిని విడిగా తూచే తక్కెడ లేదు, దాని బరువు అంచనా కట్టాల్సిందే. అంచనా ఎప్పటికప్పుడు మెరుగవుతూ ఉంటుంది. అందుకే ఈ రంగంలో డేటాను దాచడమంటే చివరి జవాబును భద్రం చేయడం ఒక్కటే కాదు. తీసేసిన బరువు ఎంత, ఏ లెక్కతో తీశారు, మొదట తక్కెడ చూపిన అంకె ఏది, ఇవన్నీ కలిసి ఉంటేనే అది ఆర్కైవ్ అవుతుంది.

రెండు ఉపగ్రహాల మధ్య దూరమే తక్కెడ

2002 మార్చి 17న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు ఎగిరాయి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్‌ఆర్ కలిసి చేసిన పని అది. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా సాగే ఒకే కక్ష్యలో, దాదాపు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరిగాయి. కింద నేల మీద ద్రవ్యరాశి ఎక్కువున్న చోటు దగ్గరపడగానే ముందున్న ఉపగ్రహాన్ని అది ముందుగా లాగుతుంది, రెండింటి మధ్య దూరం కాస్త పెరుగుతుంది. వెనుకది కూడా ఆ ప్రభావంలోకి వచ్చేసరికి దూరం మళ్లీ తగ్గుతుంది. ఈ పెరగడం తరగడమే కొలత. 220 కిలోమీటర్ల దూరంలో వచ్చే మార్పును మైక్రోమీటరు స్థాయిలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయిలో పట్టుకోవాలి. తల వెంట్రుక మందం కూడా దీనికి పదుల రెట్లు ఉంటుంది.

దూరాన్ని మైక్రోవేవ్ తరంగాలతో కొలిచారు, అదీ ఒకటి కాదు, సుమారు 24, 32 గిగాహెర్ట్జ్ వద్ద రెండు. గాలి పైపొరల్లోని అయనోస్ఫియర్ తరంగాలను ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రెండు కొలతలను కలిపితే దాని ప్రభావాన్ని తీసేయవచ్చు. ప్రతి ఉపగ్రహమూ రెండోదానికి సంకేతం పంపుతుంది, దాని నుంచి అందుకుంటుంది. రెండు వైపుల కొలతలనూ కలిపినప్పుడు రెండు గడియారాల నెమ్మది తప్పులు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మొదటి తీసివేత ఇక్కడే మొదలైపోయింది.

తర్వాతి సమస్య గాలి. ఆ ఎత్తులో కూడా పలుచని వాతావరణం ఉంది, అది ఉపగ్రహాన్ని వెనక్కి నెడుతుంది. సూర్యకాంతి నెడుతుంది. భూమి నుంచి పరావర్తనమైన కాంతి కూడా నెడుతుంది. ఇవేవీ గురుత్వం కాదు, కానీ దూరాన్ని మారుస్తాయి. అందుకే ప్రతి ఉపగ్రహం గరిమనాభి దగ్గరా ఒక యాక్సెలరోమీటర్ పెట్టారు. అందులో ఒక చిన్న లోహపు దిమ్మ, చుట్టూ ఎలక్ట్రోడ్లు ఉంటాయి. బయటి నెట్టుడు లోపలి దిమ్మకు తగలదు, కవచానికే తగులుతుంది. దిమ్మను మధ్యలో నిలపడానికి ఎంత విద్యుత్ బలం కావాల్సి వచ్చిందో చూస్తే ఉపగ్రహాన్ని గురుత్వేతర బలాలు ఎంత నెట్టాయో తెలుస్తుంది. ఇక ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో నక్షత్రాలను చూసే కెమెరాలు చెబుతాయి, ఎక్కడ ఉందో జీపీఎస్ చెబుతుంది. ఈ నాలుగు పరికరాల్లో ఏ ఒక్కటి తడబడినా మిగతా మూడింటి కొలతల విలువ తగ్గిపోతుంది.

లెవెళ్ల మెట్లు

నేల మీది కేంద్రానికి దిగిన డేటా మెట్లు ఎక్కుతూ వస్తుంది. ఉపగ్రహం పంపిన ముడి టెలిమెట్రీని లెవెల్-0 అంటారు. దాన్ని విప్పి, పరికరాల ప్రమాణాలు వర్తింపజేసి, ఏ కొలత ఏ క్షణానిదో గుర్తు వేస్తే లెవెల్-1ఎ. దాన్ని వడపోసి, సమయాలను సరిచేసి, వాడుకకు అనువైన విరామాలకు కుదిస్తే లెవెల్-1బి. దూరం కొలతలు సెకనుకు పది చొప్పున మొదలై, ఈ మెట్టు మీదకు వచ్చేసరికి ఐదు సెకన్లకు ఒకటిగా మిగులుతాయి. లెవెల్-2లో గురుత్వ క్షేత్రం గుణకాలు ఉంటాయి, మొదట చెప్పిన 1,891 వరుసల ఫైలు ఈ మెట్టు మీదిదే. భూమి గురుత్వాన్ని పెద్ద అలల నుంచి సన్నటి అలల దాకా విడగొడితే, ఒక్కో అల ఎంత ఉందో చెప్పే సంఖ్యే గుణకం. ఆ అల ఎంత సన్ననిదో చెప్పే అంకెను డిగ్రీ అంటారు. లెవెల్-3లో అవి పటం మీద గడులుగా, సెంటీమీటర్ల నీటి మందంగా మారతాయి. ఎక్కువమంది చూసేది ఈ చివరి మెట్టునే.

గ్రేస్ లెవెల్-1 ఫైళ్లలో కాలాన్ని రోజు, గంట, నిమిషంగా రాయరు. 2000 జనవరి 1 మధ్యాహ్నం 12 గంటల నుంచి జీపీఎస్ కాలమానం ప్రకారం ఎన్ని సెకన్లు గడిచాయో రాస్తారు. భూమి తిరుగుడుతో సరిపెట్టడానికి ప్రపంచ సమయానికి అప్పుడప్పుడూ కలిపే లీప్ సెకన్లు జీపీఎస్ కాలంలో ఉండవు. మామూలు ప్రపంచ సమయంతో పొరపాటున కలిపేస్తే సెకన్ల తేడా వస్తుంది. ఉపగ్రహం సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతున్నప్పుడు ఒక్క సెకను తేడా అంటే ఆ కొలతను వేరే చోటికి అంటగట్టినట్టే. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, పదిహేనేళ్ల తర్వాత ఫైలు తెరిచిన పరిశోధకుడికి ఈ ఒక్క వాక్యం రాసిపెట్టి లేకపోతే ఆ ఫైలు చేతిలో ఉన్నా లేనట్టే.

లెవెల్-1బి నుంచి లెవెల్-2కి వెళ్లే మెట్టే అన్నిటికంటే ఎత్తైనది. దీన్ని నేరుగా కొలత నుంచి గురుత్వానికి వెళ్లే దారి అనుకోకూడదు. ముందుగా భూమి గురించి అప్పటికి తెలిసినదంతా కంప్యూటరులో పెడతారు. ఎప్పటికీ ఉండే స్థిర గురుత్వం, సూర్యచంద్రుల ఆకర్షణ, సముద్రపు ఆటుపోట్లు, చంద్రుడి లాగుడుకు ఘనమైన నేల కూడా పొంగి తగ్గడం, భూమి అక్షం ఊగిసలాట వల్ల వచ్చే పొంగు, గాలి బరువు, గాలి తోయగా కదిలే సముద్రపు నీరు, అన్నీ. వీటన్నిటితో ఉపగ్రహాలు ఎలా తిరగాలో లెక్కగడతారు. లెక్క ప్రకారం రెండింటి మధ్య ఉండాల్సిన దూరానికీ, నిజంగా కొలిచిన దూరానికీ మధ్య మిగిలిన తేడా ఉంటుందే, ఆ తేడాలోనే కొత్త సంగతి దాగి ఉంటుంది. నెల పొడవునా పోగుపడిన లక్షల తేడాలను, మొత్తం మీద దోషం అతి తక్కువగా మిగిలే జవాబును వెతికే కనిష్ఠ వర్గాల పద్ధతితో పరిష్కరిస్తే ఆ నెల గుణకాలు వస్తాయి. నేలలో ఇంకిన నీరు, కరిగిన మంచు, మన లెక్కలో లేనిదేదైనా అందులో తేలుతుంది. మన లెక్కలో తప్పుగా ఉన్నదీ అందులోనే తేలుతుంది.

గాలి బరువు సంగతి

తీసివేతల్లో గాలి ఒక్కదాన్నే కాస్త నిదానంగా చూస్తే చాలు, మొత్తం చిక్కు అర్థమవుతుంది. వాతావరణ పీడనం ఒక్క హెక్టోపాస్కల్ పెరిగితే, ఆ నేల మీద దాదాపు ఒక సెంటీమీటరు నీరు నిలిచినంత బరువు పెరిగినట్టు. ఒక అల్పపీడనం దాటేటప్పుడు పీడనం పది, ఇరవై హెక్టోపాస్కల్‌లు మారడం మామూలే. అంటే రెండు మూడు రోజుల్లో పది, ఇరవై సెంటీమీటర్ల నీటికి సమానమైన బరువు వచ్చి పోతుంది. వెతుకుతున్న భూగర్భ జల మార్పేమో ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే.

వచ్చి పోయేదే కదా, నెల సగటులో సర్దుకుంటుందిలే అనిపించవచ్చు. సర్దుకోదు. ఉపగ్రహాలు ఒకే చోటిని నెల పొడవునా చూస్తూ కూర్చోవు. ఒక ప్రాంతం మీదుగా అప్పుడప్పుడూ దాటిపోతాయి. దాటిన వేళ అక్కడ అల్పపీడనం ఉంటే ఆ బరువునే నెల మొత్తానికీ ఉన్నట్టు నమోదు చేస్తాయి. వేగంగా మారే దాన్ని అరుదుగా చూస్తే అది నెమ్మదిగా మారుతున్నట్టు కనిపించే ఈ మాయనే ఇంజనీర్లు ఎలియాసింగ్ అంటారు. దీన్ని తగ్గించడానికి వాతావరణ సంస్థల పీడన లెక్కలతో, వాటి ఆధారంగా నడిపిన సముద్ర నమూనాతో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉన్న జీఎఫ్‌జెడ్ పరిశోధన కేంద్రం ఏఓడీ1బి అనే డేటాను తయారు చేస్తుంది. మొదట ఆరు గంటలకొకసారి విలువలు ఇచ్చేవారు, ఆరో విడుదల (డేటా మొత్తాన్ని మళ్లీ లెక్కగట్టి ఇచ్చిన ఆరో కూర్పు) నుంచి మూడు గంటలకొకసారి ఇస్తున్నారు.

ఈ రంగం చేసిన మంచి పనుల్లో అన్నిటికంటే మంచిది ఇక్కడే కనిపిస్తుంది. నెలవారీ గురుత్వ ఫైలు పేరు జీఎస్ఎం అనే అక్షరాలతో మొదలవుతుంది. దాని పక్కనే అదే నెలకు జీఏఏ, జీఏబి, జీఏసీ, జీఏడీ అని మరో నాలుగు ఫైళ్లు ఉంటాయి. అవి ఆ నెలలో తీసేసిన గాలి బరువు, సముద్రపు బరువు, రెండూ కలిపినది, సముద్రపు అడుగున పడే పీడనం. అంటే సంచి బరువును అంకెలతో సహా కట్ట కట్టి పక్కనే పెట్టారన్నమాట. నేల మీద నీటిని చూసేవారికి వాటి అవసరం రాదు. సముద్రాన్ని చదివేవారికి మాత్రం తీసేసిన ఆ కదలికే కావాలి. వారు జీఏడీ ఫైలును తిరిగి కలుపుకుంటారు. తీసేసినదాన్ని పారేసి ఉంటే సముద్ర శాస్త్రవేత్తలకు ఈ ఉపగ్రహాలు సగం పనికొచ్చేవి.

చారలు, లోపించిన గుణకాలు

లెవెల్-2 ఫైలును ఏ మార్పూ లేకుండా పటంగా గీస్తే ఖండాలేవీ కనిపించవు. ఉత్తర దక్షిణాలుగా సాగే దట్టమైన చారలు కనిపిస్తాయి. ఉపగ్రహాలు రెండూ ధ్రువాల వైపే ఒకదాని వెంట ఒకటి వెళ్తాయి కాబట్టి ఆ దిశలో మార్పులను బాగా పట్టుకుంటాయి, తూర్పు పడమరల తేడాలను సరిగా చూడలేవు. పైన చెప్పిన తీసివేతల్లో మిగిలిన తప్పులన్నీ ఆ బలహీనమైన దిశలో పేరుకుని చారలవుతాయి. వాటిని తగ్గించడానికి కొందరు కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పున నునుపు చేస్తారు. స్వెన్సన్, వార్ 2006లో చూపిన పద్ధతి గుణకాల మధ్య ఉండే సంబంధాన్ని గుర్తించి చారలను విడదీస్తుంది. ఏ పద్ధతి వాడినా చారలతో పాటు నిజమైన సంకేతంలో కొంత కొట్టుకుపోతుంది. తీరాల దగ్గర మరీ చిక్కు. కరిగిన మంచు బరువులో కొంత సముద్రం మీదికి ఒలికినట్టు పటంలో కనిపిస్తుంది.

దీనికి మరో దారి మాస్కాన్‌లు. భూమిని చిన్న పలకలుగా విడగొట్టి, ఒక్కో పలక మీద ఎంత బరువు మారిందో నేరుగా లెక్కగట్టే పద్ధతి. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ పద్ధతిలో సుమారు 3 డిగ్రీల వెడల్పున్న పలకలు 4,551 ఉంటాయి. ఇక్కడ చారలు దాదాపు కనిపించవు. పటం శుభ్రంగా, తీరాలు స్పష్టంగా ఉంటాయి. ఆ శుభ్రతే ఒక్కోసారి మోసం చేస్తుంది. ఏ ప్రాంతంలో ఎంత మార్పు సహజమో ముందే చెప్పి లెక్కను అదుపు చేయడం వల్ల వచ్చిన శుభ్రత అది. కొన్ని మాస్కాన్ ఫైళ్లు పావు డిగ్రీ, అర డిగ్రీ గడులుగా అందుతాయి. అంత సన్నటి గడిలో ఉన్న సంఖ్యను ఆ గడికే చెందిన కొలతగా వాడితే తప్పులో కాలేసినట్టే. ఉపగ్రహం నిజంగా విడదీయగలిగేది సుమారు 300 కిలోమీటర్ల కంటే పెద్ద ప్రాంతాలనే. గడి పరిమాణం వేరు, చూపు పదును వేరు.

గ్రేస్ అసలు చూడలేనివీ ఉన్నాయి. భూమి చదునుతనాన్ని చెప్పే సీ20 గుణకం ఈ జంటకు సరిగా చిక్కదు. దానిలో సుమారు 160 రోజుల కృత్రిమ హెచ్చుతగ్గు కలిసిపోతుంది. అందుకని ఆ ఒక్క సంఖ్యను తీసేసి, దాని స్థానంలో లేజరుతో కొలిచే ఉపగ్రహాల నుంచి వచ్చిన విలువ పెడతారు. వాటిలో పేరున్నది లేజియోస్. 1976లో పంపిన 60 సెంటీమీటర్ల గోళం అది. లోపల ఏ యంత్రమూ లేదు, బ్యాటరీ లేదు, ఒంటినిండా 426 పరావర్తకాలు మాత్రమే ఉన్నాయి. నేల మీద నుంచి లేజరు వేస్తే వెనక్కి పంపుతుంది, అంతే. కొత్త ఉపగ్రహాల ఫైలులో అతి పెద్ద గుణకాన్ని ఈ పాత గోళంలాంటివి పూరించడం, శాస్త్రంలో పాత కొలత ఎందుకు చెడిపోదో చెప్పే నిదర్శనం. ఇక భూమి గరిమనాభి కదలికను చెప్పే డిగ్రీ-1 గుణకాలు గ్రేస్‌కు అందనే అందవు. వాటిని సముద్ర నమూనాల సాయంతో విడిగా లెక్కగట్టి జోడించాలి.

వీటికి తోడు మంచుయుగం నాటి బాకీ ఒకటి ఉంది. వేల ఏళ్ల క్రితం మంచు పలకల కింద అణిగిన నేల, అవి కరిగాక ఇప్పటికీ నెమ్మదిగా పైకి లేస్తోంది. లోపలి శిలాద్రవ్యం ఆ కిందికి చేరుతోంది, అక్కడ బరువు పెరుగుతోంది. ఉపగ్రహానికి అది మంచు పెరిగినట్టే కనిపిస్తుంది. దాన్ని నమూనాతో అంచనా కట్టి తీసేయాలి. గ్రీన్‌లాండ్‌లో ఈ సవరణ చిన్నది. అంటార్కిటికాలో మాత్రం తేల్చాల్సిన మంచు నష్టంతో పోల్చదగినంత పెద్దది. అక్కడి మంచు లెక్కల్లో ఉండే అనిశ్చితికి ఇదే ముఖ్య కారణం.

తప్పు దొరికేది ముడి డేటా ఉంటేనే

ఇన్ని అంచనాలున్న చోట ఒకే కేంద్రం చెప్పిన జవాబును నమ్మి ఊరుకోలేరు. మొదటి నుంచీ మూడు కేంద్రాలు విడివిడిగా లెక్కగట్టాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని సీఎస్ఆర్, జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ, జీఎఫ్‌జెడ్. తర్వాత ఆస్ట్రియాలోని గ్రాజ్, స్విట్జర్లాండ్‌లోని బెర్న్, ఫ్రాన్స్ బృందాలు చేరాయి. ఒకే లెవెల్-1బి డేటా తీసుకుని, వేర్వేరు ప్రోగ్రాములతో, వేర్వేరు ఎంపికలతో చేసిన లెక్కలవి. జవాబులు కలిసిన చోట ధైర్యం వస్తుంది. కలవని చోట ఆ తేడాయే దోషం ఎంతో చెబుతుంది, ఫైలులో రాసిన లాంఛనప్రాయమైన దోషం అంకె కంటే చాలాసార్లు నిజాయితీగా చెబుతుంది. కాస్ట్-జీ అనే సేవ ఈ విడివిడి జవాబులకు తగిన తూకాలిచ్చి కలిపి ఒక ఉమ్మడి ఫలితం ఇస్తోంది. కలిపినదొక్కటే ఉంచి విడివిడివి తొలగిస్తే పెద్ద నష్టం. ఆ పొరపాటు జరగలేదు.

ముడి డేటా విలువ తెలియజెప్పే ఘట్టం 2014లో ప్రచురితమైంది. గ్రేస్ నక్షత్ర కెమెరాల డేటా రెండో విడుదలలో అనుకున్న దానికంటే రొద, అంటే కొలతలో కలిసిపోయే అనవసరపు హెచ్చుతగ్గు, ఎక్కువగా ఉందని పరిశోధకులు గమనించారు. వారు అధికారిక లెవెల్-1బిని పట్టుకుని ఆగిపోలేదు. ఒక మెట్టు దిగి లెవెల్-1ఎ నుంచి మళ్లీ మొదలుపెట్టి, రెండు కెమెరాల కొలతలను సొంతంగా కలిపి చూశారు. అధికారిక డేటాలో రొద మూడు నాలుగు రెట్లు ఎక్కువని, కారణం పరికరం కాదని, కెమెరాల కొలతలను కలిపే సూత్రాన్ని ప్రోగ్రాములో తప్పుగా రాయడమని తేలింది. కక్ష్యలో ఉపగ్రహం తన పని సరిగానే చేసింది. పన్నెండేళ్ల కొలతల్లో దాగిన ఆ తప్పు బయటపడిందంటే, కింది మెట్టు డేటా ఎవరూ చెరిపేయకపోవడం వల్లే. నిల్వ ఖర్చు తగ్గించుకోవడానికి మధ్య మెట్లను తొలగిద్దామనే వాదన ఏ ప్రాజెక్టులో వినిపించినా, ఈ ఒక్క ఉదాహరణ చాలు జవాబుగా.

విడుదలల సంగతి కూడా ఇక్కడే. ఆటుపోట్ల నమూనా మెరుగైనప్పుడు, గాలి లెక్క సన్నబడినప్పుడు, పరికరం గురించి కొత్త సంగతి తెలిసినప్పుడు 2002 నుంచి ఉన్న మొత్తం డేటాను మొదటి నుంచి మళ్లీ లెక్కగడతారు. 2018 నాటికి ఇది ఆరో విడుదల దాకా వచ్చింది. సగం నెలలు ఐదో విడుదల నుంచి, సగం ఆరో విడుదల నుంచి తీసుకుని ఒకే గీత గీస్తే, అతుకు వేసిన చోట లేని మార్పు పుడుతుంది. దాన్ని చూసి కరవు వచ్చిందనో మంచు కరిగిందనో రాస్తే అది చదివినవారికి అన్యాయం. పాత విడుదలలను చెరిపేయకూడదు కూడా. పదేళ్ల కిందటి పరిశోధనను మళ్లీ సరిచూడాలంటే అప్పుడు వాడిన ఫైలే కావాలి. ఏ ఫైలుకు ఆ ఫైలుకు మారని గుర్తింపు సంఖ్య, ఏ నమూనాలు వాడారో చెప్పే వివరణ పత్రం ఉండాల్సింది ఇందుకే.

ఫైలు తల మీద నాలుగు వరుసలు

గుణకాల ఫైళ్లలో అందరూ దాటేసే భాగం పైన ఉండే శీర్షిక. అక్కడ ముఖ్యంగా నాలుగు సంగతులు ఉంటాయి. భూమి ద్రవ్యరాశిని గురుత్వ స్థిరాంకంతో గుణించిన విలువ, వాడిన భూవ్యాసార్ధం, ఎంత డిగ్రీ దాకా గుణకాలున్నాయి, ఆటుపోట్ల విషయంలో ఏ పద్ధతి పాటించారు. గ్రేస్ ఫైళ్లలో వ్యాసార్ధం 6,378.1363 కిలోమీటర్లు. పటాలు గీసే మామూలు ప్రమాణం డబ్ల్యూజీఎస్-84లో 6,378.137 కిలోమీటర్లు. తేడా డెబ్బై సెంటీమీటర్లు. రెండు వేర్వేరు వ్యాసార్ధాలతో చేసిన గుణకాలను సరిచేయకుండా ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది భూమిలో జరిగిన మార్పు కాదు, లెక్కలో జరిగిన పొరపాటు.

ఆటుపోట్ల పద్ధతి ఇంకా సూక్ష్మం. సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల భూమికి శాశ్వతంగా ఉండే కొంత పొంగును కొన్ని ఫైళ్లు గుణకాల్లో ఉంచుతాయి, కొన్ని తీసేస్తాయి. సీ20 గుణకంలో ఈ తేడా వంద కోట్లలో సుమారు 4 వంతులు. వినడానికి ఏమీ కాదు. కానీ ఆ గుణకంలో రుతువుల వల్ల వచ్చే నిజమైన మార్పు దీనిలో పదో వంతు కూడా ఉండదు. శీర్షికలో ఒక్క మాట తప్పుగా చదివితే వెతుకుతున్నదాన్ని మించిన తప్పు జవాబులోకి వచ్చి కూర్చుంటుంది.

ఈ క్రమశిక్షణ ఎంత దూరం వస్తుందో ఐసీజీఈఎం చూపిస్తుంది. జీఎఫ్‌జెడ్‌లో నడిచే ఈ అంతర్జాతీయ కేంద్రం భూమి గురుత్వ నమూనాలన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చి ఉంచుతుంది. అక్కడ 1966 నాటి స్మిత్సోనియన్ నమూనా ఎస్ఈ1 ఉంది, దాని గుణకాలు 15వ డిగ్రీతో ఆగిపోతాయి. 2,190వ డిగ్రీ దాకా వెళ్లే ఈజీఎం2008 కూడా ఉంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2009లో పంపి, సుమారు 255 కిలోమీటర్ల ఎత్తులోనే అయాన్ ఇంజనుతో నిలబెట్టిన గోచే ఉపగ్రహం ఫలితాలూ ఉన్నాయి. నాలుగు దశాబ్దాల ఎడం ఉన్న రెండు నమూనాలను ఒకే ప్రోగ్రాముతో తెరిచి పోల్చవచ్చంటే, కారణం సాదా టెక్స్ట్ ఫైలు, పైన ఆ చిన్న శీర్షిక. కంటికి ఇంపైన రూపాల కోసం దీన్ని వదిలేయనందుకు మెచ్చుకోవాలి.

ముసలి ఉపగ్రహం, ఖాళీ నెలలు

గ్రేస్ ఐదేళ్ల కోసం తయారైంది, పదిహేనేళ్లు పనిచేసింది. చివరి సంవత్సరాల డేటాను మొదటి సంవత్సరాల డేటాలా చదవకూడదు. 2011 నుంచి బ్యాటరీలు నీరసించడంతో సూర్యకాంతి తక్కువగా అందే వారాల్లో పరికరాలను ఆపేసేవారు, ఆ నెలలు ఖాళీగా ఉన్నాయి. కరెంటు ఆదా కోసం ఉష్ణోగ్రత నియంత్రణ కూడా ఆపాల్సి వచ్చింది, యాక్సెలరోమీటర్ కొలతలు వేడిమిని బట్టి పక్కకు జరిగిపోవడం మొదలైంది. 2016 చివర్లో ఒక ఉపగ్రహం యాక్సెలరోమీటర్‌ను పూర్తిగా ఆపేశారు. ఆ తర్వాత రెండో ఉపగ్రహం కొలతనే, కాలం తేడాను సవరించి, మొదటిదానికి అమర్చారు. దీనికి వారు పెట్టుకున్న పేరు ట్రాన్స్‌ప్లాంట్. అర నిమిషం వ్యవధిలో ఒకే దారిన వెళ్లే రెండింటికీ గాలి దాదాపు ఒకేలా తగులుతుంది కాబట్టి ఇది కుదిరింది. కుదిరింది గానీ, అది కొలత కాదు, అప్పు తెచ్చుకున్న కొలత.

గ్రేస్ మొత్తం 163 నెలల ఫలితాలు ఇచ్చి 2017 జూన్‌తో ఆగిపోయింది. వారసురాలైన గ్రేస్-ఎఫ్ఓ 2018 మే 22న ఎగిరింది, దాని మొదటి నెల 2018 జూన్. మధ్యలో పదకొండు నెలలు ఏమీ లేదు. రెండూ కొన్నాళ్లు పక్కపక్కనే తిరిగి ఉంటే ఒకే వస్తువును రెండు తక్కెళ్లలో తూచి సరిచూసుకున్నట్టయ్యేది. ఆ అవకాశం పోయింది. గ్రేస్-ఎఫ్ఓలో కూడా ఎగిరిన కొద్ది వారాలకే ఒక యాక్సెలరోమీటర్ తడబడింది, మళ్లీ ట్రాన్స్‌ప్లాంటే గతి అయింది. మరోవైపు దానిలో ప్రయోగంగా పెట్టిన లేజరు పరికరం మైక్రోవేవ్ కంటే ఎంతో సన్నగా, నానోమీటరు స్థాయిలో దూరాన్ని కొలుస్తోంది. అయినా నెలవారీ పటాలు అంత మేరకు పదునెక్కలేదు. దూరం కొలత ఎంత మెరుగైనా, గాలి లెక్కలో, ఆటుపోట్ల లెక్కలో, యాక్సెలరోమీటర్‌లో ఉన్న దోషమే ఇప్పుడు జవాబుకు హద్దు గీస్తోంది. తక్కెడ ఎంత మంచిదైనా సంచి బరువు తెలియాలి కదా.

ఆ పదకొండు నెలలను పూరించడానికి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే స్వార్మ్ ఉపగ్రహాల జీపీఎస్ కదలికలు, లేజరు కొలతలు, గణాంక పద్ధతులు అన్నీ వాడారు. పెద్ద ప్రాంతాలకు అవి పనికొస్తాయి, తప్పు లేదు. కానీ అలా పూరించిన నెలలను అసలు నెలల పక్కన తేడా తెలియకుండా పెట్టడం మాత్రం తగదు. ఊహించిన సంఖ్య ఫైలులో ఊహించినట్టుగానే కనబడాలి. ఆ 2017-18 శీతాకాలంలో ఎక్కడైనా నిజంగా అసాధారణమైన మార్పు జరిగి ఉంటే, ముందు వెనుకల నెలలను చూసి గీసిన నున్నటి గీతలో అది ఉండే అవకాశమే లేదు.

నాసా, జర్మనీ కలిసి తర్వాతి జంట గ్రేస్-సీని 2028లో పంపాలని పనిచేస్తున్నాయి. అందులో లేజరే ప్రధాన పరికరం. ఈసారైనా పాత జంట ఉండగానే కొత్త జంట ఎగరాలని ఈ పని చేసేవారందరి ఆశ.

మొదటి గ్రేస్ జంట ఇప్పుడు లేదు. ఒకటి 2017 డిసెంబరు 24న, రెండోది 2018 మార్చి 10న వాతావరణంలోకి దిగి కాలిపోయాయి. వాటి లెవెల్-1 డేటా మాత్రం కాలిఫోర్నియాలోనూ పోట్స్‌డామ్‌లోనూ ఉన్న రెండు ఆర్కైవ్‌లలో ఉంది. 2003 జూన్‌లో భూమి మీద నీరు ఎక్కడుందో చెప్పే పటం మొదటి విడుదలలో చారల మధ్య మసగ్గా ఉండేది. విడుదల మారినప్పుడల్లా అది మరికాస్త తేటపడింది. ఆటుపోట్ల లెక్క ఇంకొంచెం సరిపడిన రోజున అదే 2003 జూన్‌ను, అవే కొలతలతో, మళ్లీ మొదటి నుంచి లెక్కగడతారు.